అధ్యక్షురాలు హాజరులో లేనప్పుడు

మొన్న మా ఆఫీసులో అటెండరు బీరువా తెరిచి తెల్ల టర్కీ తువ్వాళ్ళు బయటికి తీస్తుంటే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. వేదిక మీద పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీల వీపులకు కప్పే తువ్వాళ్ళవి. ఎవరో మంత్రిగారు వస్తున్నారంటే బయటికి వస్తాయి, సభ అయ్యాక ఉతికించుకుని మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోతుంది. పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయి నా మొహం చూసి, "ఏంటి మేడమ్, ఒంట్లో బాలేదాండీ?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. అలాంటి తువ్వాలు కప్పిన కుర్చీలో, తనకు హక్కున్న కుర్చీలో కూర్చున్నందుకు ఒక మనిషి ఏం పోగొట్టుకుందో ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఆవిడ పేరు సువార్త. తొంభైల నడుమ, రాజోలు వైపు ఒక మండల పరిషత్ ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన ఏడాదే ఆవిడ ఆ మండలానికి అధ్యక్షురాలయ్యారు. మండలం పేరు రాయను. మిషన్ బడిలో రెండు తరాల పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరయిన టీచరు. ఆవిడ తాతలు, తండ్రి ఇతరుల వరిచేలల్లో కూలి చేసినవాళ్ళు. ఆ విడత అధ్యక్ష పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. మా మండలంలో ఏ పార్టీ గెలిచినా పెత్తనం చినబాబుగారి ఇంట్లోనే ఉండేది. మలికిపురం రోడ్డు వెంట కొబ్బరితోటలు, కాలువకు అటూ ఇటూ చేలు, ఆఫీసర్లు దిగడానికి ఇంటి ముందు ఒక పెంకుటి గెస్టు రూమూ ఆయనవే. ఆయన ఉపాధ్యక్ష పదవి తనకు అట్టేపెట్టుకుని, నెమ్మదస్తురాలన్న పేరున్న సువార్తగారిని అధ్యక్షురాలిగా నిలబెట్టారు. "చదూకున్నావిడండీ, సంతకం గుండ్రంగా పెడుతుంది. మిగతాది మనం చూసుకుందాం" అని మా ఎంపీడీఓ గారితో నా ఎదుటే అన్నారు. ఎంపీడీఓ గారు "ఆయ్" అని తల ఊపారు.

నేను మొదటిసారి ఆవిడను చూసినప్పుడు అధ్యక్షుల గదిలో పెద్ద కుర్చీలో చినబాబుగారు కూర్చుని కాఫీ తాగుతున్నారు. సువార్తగారు గోడవార చెక్క కుర్చీలో, తెల్లచీర కొంగు భుజం మీదుగా కప్పుకుని, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని ఉన్నారు. పనిమీద వచ్చిన కొత్త మనిషనుకున్నాను. ఫైలు తీసుకెళ్ళి చినబాబుగారి ముందు పెట్టాను. ఆయన దాన్ని చేత్తో ఆవిడ వైపు తోశారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. "చదవక్కర్లేదు టీచరుగారూ, అన్నీ చూసేను" అన్నారాయన. ఆవిడ తల ఎత్తకుండానే "పిల్లల కాగితాలు కూడా చదవకుండా మార్కులెయ్యలేదండీ" అన్నారు. కటువుగా అనలేదు. కానీ గదిలో ఉన్న నలుగురికీ ఆ మాట వినబడింది.

ఇంకో సంగతి తర్వాత గమనించాను. ఆవిడను ఎవరూ అధ్యక్షులుగారు అనేవారు కాదు. అందరికీ టీచరుగారే. గౌరవంగానే పిలిచేవారు, పైకి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. పదవి పేరు నోటికి రాకుండా తప్పించుకోవడానికి అదొక మర్యాదైన దారి. నేనూ మొదట్లో అలాగే పిలిచేదాన్ని. ఒకరోజు ఆవిడ నన్ను ఆపి, "వసంతమ్మా, బయట నువ్వు నన్ను ఏమని పిలిచినా నాకు ముద్దే. ఈ గుమ్మం లోపల మాత్రం అధ్యక్షులుగారు అను. నాకోసం కాదు, నోరు అలవాటవ్వాలి కదా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. పదవి తలకెక్కిందని ఇంటికెళ్ళి మా అమ్మతో అన్నాను కూడా.

మండల సర్వసభ్య సమావేశం రోజున ఆవిడ అందరికంటే ముందు వచ్చారు. అటెండరు ఇంకా బల్లలు తుడుస్తున్నాడు. నేరుగా వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చున్నారు. చినబాబుగారు సభ్యులను వెంటేసుకుని లోపలికి వచ్చి గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయారు. ఆవిడే లేచి నమస్కారం పెట్టి, "రండి చినబాబుగారూ, మీ కుర్చీ ఇటు" అని పక్కన కుర్చీ చూపించి మళ్ళీ కూర్చున్నారు. ఆయన నవ్వుతూనే కూర్చున్నారు. ఆ నవ్వు సమావేశం అయ్యేదాకా మొహం మీద అలాగే ఉంది. ఆ తర్వాత ఆవిడ గదిలో ఫ్యాను పాడైతే బాగుచేసేవాడు దొరకలేదు. జీపు ఎప్పుడడిగినా షెడ్డులోనే ఉండేది. ఆవిడ ఆర్టీసీ బస్సులో, బస్సు లేనప్పుడు ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వచ్చేవారు.

హైస్కూలుకు కొత్త గదులు కట్టించినప్పుడు అసలు గొడవ మొదలైంది. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు. ఎంపీడీఓ గారు శిలాఫలకానికీ ఆహ్వాన పత్రికకూ పేర్లు చెబుతుంటే నేను రాసుకున్నాను. మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, ఎంపీగారు, జిల్లా పరిషత్ అధ్యక్షులు, ఆ తర్వాత చినబాబుగారు. సువార్తగారి పేరు సర్పంచి కింద, చిన్న అక్షరాల్లో. పత్రిక నమూనా ఆవిడ బల్ల మీదికి వెళ్ళింది. చాలాసేపు చూసి, ఎంపీడీఓ గారిని పిలిపించి, "ఈ వరస ఏ లెక్కనండీ?" అని అడిగారు.

"అలా ఆనవాయితీగా వస్తుందండీ మేడమ్."

"నేను అడిగింది రూలండీ."

"రూలంటే, అది జిల్లా ఆఫీసులో ఉంటుందండి. మన దగ్గర ఉండదు."

"అలాగైతే వెళ్ళి తెచ్చుకుంటాను. ఈ అమ్మాయిని తోడు పంపండి" అన్నారు.

అలా నేను ఆవిడతో కాకినాడ వెళ్ళాను. అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. అమలాపురంలో బస్సు మారి, మురమళ్ళ దాటి రేవుకు చేరి, పంటు మీద గోదావరి దాటి యానాం వెళ్ళి, అక్కడ మళ్ళీ బస్సెక్కాలి. కలెక్టరాఫీసులో ప్రోటోకాల్ చూసే సూపరింటెండెంటుగారు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించారు. ఒక మండలాధ్యక్షురాలు ఈ పనిమీద స్వయంగా రావడం ఆయనకు వింతగా ఉన్నట్టుంది. ఓపిగ్గా చెప్పారు.

"వరస మనిషిది కాదండీ, పదవిది. గవర్నరుగారితో మొదలవుతుంది. తర్వాత ముఖ్యమంత్రిగారు, అలా మెట్టు మెట్టు దిగుతూ మీదాకా వస్తుంది. ఒకే మెట్టు మీద ఇద్దరుంటే ముందు ఆ పదవిలోకి వచ్చినవారు ముందు. అంతేనండీ. వయసు, ఆస్తి, కులం, చదువు, వీటిని లెక్కలోకి తీసుకోరు."

"ఆ ఆఖరి మాట ఇంకోసారి చెప్పండి బాబూ" అన్నారు సువార్తగారు.

ఆయన తికమకపడి మళ్ళీ చెప్పారు. ఆవిడ ప్రార్థన వింటున్నట్టు కళ్ళు దించుకుని విన్నారు. తర్వాత ఉపాధ్యక్షుడి సంగతి అడిగారు.

"అధ్యక్షురాలు హాజరులో లేనప్పుడు ఆ స్థానం ఆయనదేనండి. మీరు ఉన్నారంటే ఆయనకు వేదిక మీద విడిగా వరస లేదు." ఆయన కాగితాలు మా చేతికిచ్చి, కొంచెం గొంతు తగ్గించారు. "ఒక్కమాటమ్మా. ఇవన్నీ ఉత్సవాలకీ సభలకీ మాత్రమే. రోజువారీ పరిపాలనకు ఈ వరస వర్తించదు. ఆ ముక్క కూడా ఇందులోనే ఉంది, చూసుకోండి."

సువార్తగారు నవ్వేశారు. "అంటే వేదిక దిగితే పాత వరసేనన్నమాట."

తిరుగు ప్రయాణంలో పంటు మీద జనం, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు. కూర్చునే చోటు లేదు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఆకలి వేస్తోంది. ఆపుకోలేక అడిగేశాను: "ఒక్క కుర్చీ కోసం ఇంత శ్రమ అవసరమాండీ? వాళ్ళతో పంతం పెట్టుకుంటే మీకే కదా ఇబ్బంది?"

ఆవిడకు కోపం రాలేదు. నీళ్ళ వైపు చూస్తూ చెప్పారు. "మా నాన్న చినబాబుగారి నాన్నగారి అరుగు ముందు నిలబడి మాట్లాడేవోడమ్మా. ఎండైనా అంతే, వానైనా అంతే. ఒకసారి జ్వరం మీద వెళ్ళేడు. కాళ్ళు తేలిపోతుంటే అరుగు అంచు మీద చెయ్యి ఆనించేడు. తియ్యమన్నారు. కూర్చోలేదమ్మా, చెయ్యే ఆనించేడు. తీసీసేడు. పక్కనే ఉన్నాను నేను, పలక పట్టుకుని." గాలికి ఎగిరే కొంగు భుజం మీదికి లాక్కున్నారు. "నన్ను గెలిపించిన మా పేటలో అందరూ అలా నిలబడినోళ్ళే. ఇప్పుడు నా కుర్చీలో ఇంకోళ్ళని కూర్చోనిస్తే, వాళ్ళందర్నీ మళ్ళీ నిలబెట్టినట్టే కదా."

మాది కూడా చేలున్న ఇల్లే. మా అరుగు ముందు నిలబడి మాట్లాడినవాళ్ళ మొహాలు గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

శిలాఫలకం మళ్ళీ చెక్కించక తప్పలేదు. పత్రిక మళ్ళీ అచ్చయింది. ఆవిడ పేరు ఎక్కడుండాలో అక్కడికి వచ్చింది. ఆవిడ హాజరైతే తనకు వేదిక మీద వరస లేదన్న సంగతి చినబాబుగారికి ఎవరు చేరవేశారో తెలియదు గానీ, ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే ఆవిడ ఇంటికి ఒక మనిషి వెళ్ళి, మంత్రిగారి రాక సాయంత్రానికి మారిందని, జీపు నాలుగింటికి వస్తుందని చెప్పి వచ్చాడు. సువార్తగారు నమ్మినట్టే తల ఊపి, అతను వీధి మలుపు తిరగగానే ఆటో ఎక్కి వచ్చేశారు.

ఆవిడ వచ్చేసరికి మంత్రిగారు వేదిక మీద ఉన్నారు. ఆవిడ పేరు చీటీ అంటించిన కుర్చీలో చినబాబుగారు కూర్చున్నారు. వెనక ఇంకో ఖాళీ కుర్చీ ఉంది. ఎంపీడీఓ గారు మెట్ల దగ్గరే ఎదురొచ్చి, "మేడమ్, ఈ పూటకి వెనక సర్దుకోండి. మంత్రిగారి ముందు బాగోదు" అని బతిమాలారు. ఆవిడ మెట్లెక్కి వెళ్ళి చినబాబుగారి ఎదురుగా నిలబడ్డారు. చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని. మైకులో మాట్లాడుతున్నాయన మాట తడబడింది. మంత్రిగారు తల తిప్పి, "ఏంటమ్మా?" అన్నారు.

"ఏం లేదండీ. ఈ మండలాధ్యక్షురాలినండి. చీటీ మీద ఎవరి పేరుందో వాళ్ళు కూర్చునేదాకా నిలబడి ఉంటాను."

మంత్రిగారు చీటీ వైపు చూశారు, చినబాబుగారి వైపు చూశారు. "లేవయ్యా" అన్నారు విసుగ్గా, దోమను తోలినట్టు. చినబాబుగారు లేచారు. సువార్తగారు కూర్చున్నారు. మైదానం చివర పేట ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను వేదిక పక్కనే ఉన్నాను. ఆవిడ మొహంలో గెలిచిన ఛాయ లేదు. సభ అయ్యేదాకా చేతిసంచి రెండు చేతులతో అలాగే పట్టుకుని కూర్చున్నారు.

చట్టం ఒప్పుకునే గడువు రాగానే అవిశ్వాస తీర్మానం పెట్టారు. సభ్యులను వ్యానెక్కించి ఎక్కడికో తీసుకెళ్ళి దాచారు, తీర్మానం రోజున నేరుగా సమావేశానికి తెచ్చి దింపారు. డివిజన్ అధికారి వచ్చి ఓటింగు జరిపించారు. చేతులెత్తమన్నారు. చేతులన్నీ లేచాయి. ఇమ్మానుయేలు అని ఆవిడ పేట కుర్రాడే, ఆవిడ దగ్గర చదువుకున్నవాడే, ఆవిడే పట్టుబట్టి సభ్యుడిగా నిలబెట్టినవాడు. అతని చెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోయింది. చినబాబుగారు మెడ తిప్పి అతన్ని చూశారు. చెయ్యి పూర్తిగా లేచింది.

ఆవిడ కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని, అందరికీ నమస్కారం చేసి బయటికి నడిచారు. నేను ఆవిడ సంచి పట్టుకుని బస్టాపు దాకా వెళ్ళాను. ఏడుపు నాకే వస్తోంది.

"రెండో తరగతిలో నాలుగుసార్లు అడిగితేగానీ చెయ్యెత్తేవోడు కాదు ఇమ్మానుయేలు" అన్నారు.

"ఎలా ఎత్తగలిగేడండీ అతను?"

"వాడి ఇల్లున్న జాగా చినబాబుగారిదమ్మా. వాడికి చంటిపిల్లలు. వాణ్ణి ఏమీ అనకు." బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగారు. "నా మీద కోపమంతా ఆ కుర్చీ గురించేననుకుంటున్నావా? నేను చదవకుండా ఒక్క ఫైలు మీదా సంతకం పెట్టలేదు. అదీ వాళ్ళ బాధ."

ఖాళీ అయిన పదవిలోకి చినబాబుగారి తోటలో కాయలు పోగేసే, సభ్యురాలిగా ఆయనే నిలబెట్టిన ఒకావిడను తెచ్చారు. నోట్లో నాలుక లేని మనిషి. పత్రికల మీద, శిలాఫలకాల మీద ఆవిడ పేరు ఉండవలసిన చోటే ఉండేది. అందులో ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేకుండా చేసేవారు. సభలో మాత్రం ఆవిడ చినబాబుగారి కుర్చీ వెనక కొంగు బిగించుకుని నిలబడేది. ఒకసారి నేను కుర్చీ చూపించి కూర్చోమంటే ఆవిడ భయంతో నా చెయ్యి పట్టుకుని, "వద్దండీ అమ్మాయిగారూ, నాకు నిలబడ్డమే బాగుంటుందండీ" అంది. వేదిక మీదే ఉన్న మనిషి హాజరులో లేనట్టే లెక్క. కాకినాడ సూపరింటెండెంటుగారు చెప్పిన రూలుకు ఇలాంటి అర్థం కూడా ఉంటుందని ఆయనకు మాత్రం ఏం తెలుసు.

సువార్తగారు ఆఫీసుకు రావడం మానలేదు. ఎవరికో వితంతు పింఛను, ఎవరికో ఇంటి స్థలం. కిటికీ ముందు జనంతోపాటు నిలబడేవారు. లోపలికి రమ్మని కుర్చీ వేస్తే, "మాజీలకి వరస లేదు వసంతమ్మా, కాగితాల్లో చూసేం కదా" అని నవ్వేవారు. ఆ నవ్వు చూడలేక నేనే బయటికి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి మాట్లాడేదాన్ని. ఎంపీడీఓ గారు ఒకసారి పిలిచి, ఆవిడతో అంత చనువు నా ఉద్యోగానికి మంచిది కాదని సలహా ఇచ్చారు. కొన్నాళ్ళకు నన్ను ఆ సీటు నుంచి మార్చి రికార్డు గదిలో పడేశారు. అక్కడికి కూడా ఆవిడ వచ్చి, పాత రికార్డుల దుమ్ములో నా ఎదురుగా కూర్చుని, "ఇక్కడ వరసల గొడవ లేదు, హాయిగా ఉంది" అన్నారు.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన ఎన్నికల్లో అధ్యక్ష పదవి జనరల్ అయింది. చినబాబుగారు అధ్యక్షుడయ్యారు. ఆ రోజుల్లోనే సువార్తగారు కిడ్నీ జబ్బుతో చనిపోయారు. సమాధి కార్యక్రమం చర్చి వాళ్ళు చేశారు. అది బాగానే జరిగింది. ఆ తర్వాత మండల పరిషత్ తరఫున సంతాప సభ పెట్టాలని చినబాబుగారు నిర్ణయించారు. అప్పటికి నేను సీనియర్ అసిస్టెంటుని. వేదిక ఏర్పాట్లు నాకే పడ్డాయి. ఎమ్మెల్యేగారి కుర్చీ, పక్కన మండలాధ్యక్షుల కుర్చీ. ఈసారి ఆ చీటీ మీద చినబాబుగారి పేరే రాయాలి. రూలు ప్రకారం అది ఆయన చోటే. నా చేత్తోనే రాసి అంటించాను.

సువార్తగారి కూతురు ప్రమీల కాకినాడలో నర్సు. "మాకెక్కడక్కా చోటు?" అని అడిగింది. వేదిక చివర ఆ అమ్మాయికి ఒక కుర్చీ వేయించాను. కొత్త ఎంపీడీఓ వచ్చి చూసి తీయించేశారు. "కుటుంబసభ్యులకి ప్రోటోకాల్ లేదండీ" అన్నారు. అదీ నిజమే. ప్రమీల కింద మొదటి వరసలో కూర్చుంది. సువార్తగారి ఫోటోకు దండ వేసి వేదిక మూలన స్టూలు మీద పెట్టారు. మైకులో ఆవిడను "ప్రముఖ ఉపాధ్యాయిని" అన్నారు. మండలాధ్యక్షురాలిగా చేశారని చీటీ రాసి పంపించాను. మైకు దగ్గరున్నాయన అందుకుని చదివి, చినబాబుగారి వైపు ఒక చూపు చూసి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

చినబాబుగారు మాట్లాడటానికి లేచారు. "టీచరుగారు నాకు అక్కగారితో సమానం. ఆవిణ్ణి ఆ పదవిలో కూర్చోబెట్టిందే నేనండీ. పాపం, చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిణ్ణి చెడగొట్టేరు" అన్నారు. కండువాతో కళ్ళొత్తుకున్నారు. నిజంగానే బాధపడుతున్నారేమోనని కూడా అనిపించింది. అది ఇంకా భరించలేకపోయాను.

ప్రమీల లేచింది. తొందరపడకుండా మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. మాట్లాడుతున్న చినబాబుగారి ముందు నుంచే నడిచి మూలకు వెళ్ళి, స్టూలు మీది ఫోటోను దండతో సహా రెండు చేతులతో తీసుకుంది. ఎంపీడీఓ ఏదో అనబోతే, "మా అమ్మండీ. ఇంటికి తీసుకెళ్తున్నాను" అంది. దిగి మైదానం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది. పేట ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆ అమ్మాయి వెనక వెళ్ళారు. ఇమ్మానుయేలు కూడా వెళ్ళాడు, అందరికంటే వెనక. చినబాబుగారు ప్రసంగం ఆపలేదు. ఖాళీ కుర్చీలకు చెప్పవలసిందంతా చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించమని అడిగి, తనే మొదట తల వంచుకున్నారు. మర్నాడు పేపర్లో ఆయన ఫోటోతో సహా సభ ఘనంగా జరిగిందని వచ్చింది.

ఇప్పుడు అమలాపురమే జిల్లా కేంద్రం, నా ఉద్యోగమూ అక్కడే. సభ ఎక్కడ పెట్టినా ఎవరు ఎక్కడ కూర్చోవాలో అడగడానికి నా టేబుల్ దగ్గరికే వస్తారు. భార్య అధ్యక్షురాలైతే భర్తలు ముందు వస్తారు. వాళ్ళకు రూలు చెబుతాను, కొందరు వింటారు, కొందరు నన్ను దాటి పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి తమ పని చేయించుకుంటారు. సువార్తగారి దగ్గర ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ధైర్యం అని చెప్పాలని ఉంటుంది. అది అబద్ధం. ఆ ధైర్యం ఆవిడతోనే పోయింది. నాకు మిగిలింది కోపం. వయసుతోపాటు చల్లారుతుందనుకున్నాను, జుట్టంతా నెరిసినా అది మాత్రం అలాగే ఉంది. వేదిక మీద కుర్చీ కోసం ఎవరైనా పంతం పెట్టుకుంటే కింద జనం నవ్వుతారు, మా ఆఫీసు వాళ్ళూ నవ్వుతారు. నేను నవ్వలేను.